తొలి పేటెంటు - పంకా లాగు యంత్రము

భారతదేశమున నూతన యంత్రకల్పనలకు చట్టరీత్యా రక్షణ నొసగిన మొదటి శాసనము 1856 ఫిబ్రవరి 28వ తేదీన వెలువడినది. అది ఆ సంవత్సరపు 6వ చట్టము. అటుపిమ్మట నాలుగు దినములకే, అనగా మార్చి 3వ తేదీన, కలకత్తా నగరమున గ్రాంట్స్ లేనులోని 7వ నంబరు గృహము చిరునామాగా గల జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అను సివిల్ ఇంజనీరు ప్రభుత్వమునకు ఒక అర్జీ సమర్పించెను. పంకాను సమర్థముగా లాగగల యంత్రము నొకదానిని తాను కల్పించితిననియు, దానిపై తనకు ప్రత్యేకాధికారము ననుగ్రహింపవలసినదనియు అందలి ప్రార్థన. సెప్టెంబరు 2వ తేదీన యంత్రము పనిచేయు విధమును దెలుపు వివరణపత్రమును, దానికి తోడు పటములను కూడ దాఖలు చేసెను. ప్రభుత్వము వానిని అంగీకరించినది. ఈ దేశమున పేటెంటు అనదగిన హక్కు మొట్టమొదట లభించినది ఈ పంకా యంత్రమునకే.

మన దేశపు పేటెంటుల చరిత్రను వ్రాయువారు ఈ విషయమును ఆరంభమున ఒక వింతగా పేర్కొని ముందునకు సాగిపోవుట పరిపాటి. మాకు మాత్రము ఇచ్చట ఆగి ఆలోచింపదగిన ప్రశ్నలు రెండు కనబడుచున్నవి. రైలుమార్గములును తంతివార్తలును దేశమున అప్పుడే అడుగిడుచున్న ఆ కాలమున తొలి అర్జీ పంకా త్రాటిని గూర్చినదేల అయ్యెను? యంత్రమునకు ప్రభుత్వపు ఆమోదముద్ర పడిన తరువాత కూడ దాదాపు అర్ధశతాబ్దికాలము ఆ త్రాటిని మనుష్యులే లాగుచుండుటకు కారణమేమి? యంత్రమును ఎంత పరిశీలించినను వీనికి పూర్తి సమాధానము దొరకదు. ఆ యంత్రము తప్పింపబూనిన శ్రమ ఎవరిది, దాని వెల యెంత, ఆ వెలను చెల్లించినది ఎవరు అను విషయములను కూడ విచారింపవలెను. ఈ వ్యాసమున మేము చేయదలచినది ఆ విచారణయే.

మొదట పదమును గూర్చి రెండు మాటలు. పంకా యను మాట మనకు హిందూస్తానీ 'పంఖా' నుండి వచ్చినది. రెక్క యను అర్థము గల పదము దానికి మూలము. సంస్కృత 'పక్ష' శబ్దముతో దానికి చుట్టరికము కలదు. గాలి విసరు సాధనమునకు మనభాషలో పేళ్లకు కొదవ లేదు. విసనకర్ర, వీవన, సురటి, ఆలవట్టము మనకున్నవి. తాటియాకుతో చేసిన విసనకర్రకు తాలవృంతమను సంస్కృతనామము ఉన్నది. రాజులకును దేవతలకును వీచు వింజామరము వేరుగ నున్నది. ఇన్ని మాటలుండగా పంకా యను పరభాషాపదమును తెలుగువారు గ్రహించిరనగా, ఆ వస్తువు పూర్వపు విసనకర్రలకంటె భిన్నమైనదని వారు గుర్తించిరని భావింపవచ్చును.

భేదము నిజముగానే కలదు. దీర్ఘచతురస్రాకారమైన కొయ్యచట్రమునకు గుడ్డ బిగించి, అడుగున కుచ్చు గుడ్డను వ్రేలాడగట్టి, ఇంటికప్పునుండి త్రాళ్లతో దిగవిడిచెడివారు. చట్రమునకు కట్టిన లాగుడుత్రాడు కప్పీమీదుగా పోయి గోడలోని రంధ్రముద్వారా వసారాలోనికి వచ్చును. అచ్చట నేలపై కూర్చున్న మనుష్యుడు దానిని లాగుచు సడలించుచు నుండును. ఇట్టి వ్రేలాడు పంకా వంగదేశమునందలి ఆంగ్లేయుల గృహములలో 18వ శతాబ్ది చివరి భాగమున వాడుకలోనికి వచ్చినదని చరిత్రకారులు చెప్పుదురు. తరువాత అది కచేరీలకు, న్యాయస్థానములకు, ఆసుపత్రులకు, సైనికుల బారకాసులకు, చర్చిలకు వ్యాపించినది. విసనకర్రతో వీచు సేవకుడు యజమాని ప్రక్కనే నిలిచి యుండును. అతని ముఖము యజమానికి కనబడును. పంకా లాగువాడు గోడకు ఆవల నుండును. లోపలివారికి గాలి తగులుచున్నంతసేపు అతడున్నాడను స్మరణయే కలుగదు. గాలి ఆగినప్పుడు మాత్రమే అతడు జ్ఞప్తికి వచ్చును. ఈ గోడ యొక్క ప్రాముఖ్యము మున్ముందు తెలియగలదు.

ఇక చట్టమును గూర్చి. ఇంగ్లండులో 1852 సంవత్సరమున సంస్కరింపబడిన పేటెంటు శాసనము ఈ 1856 చట్టమునకు ఒరవడి. క్రొత్త వస్తువునుగాని క్రొత్త తయారీవిధానమునుగాని కల్పించినవారు దాని వివరములను బహిరంగపరచినచో, 14 సంవత్సరములవరకు వారికి దానిపై ప్రత్యేకాధికారము లభించును. అయితే ఇట్టి హక్కుల నొసగు అధికారము బ్రిటిషు రాజమకుటమునకు సంబంధించినదగుటచే, రాణి ముందస్తు అనుమతి లేక గవర్నరు జనరలు దీనిని శాసించుట చెల్లదను ఆక్షేపణ బయలుదేరినది. ఆ కారణముచే 1857 నాటి 9వ చట్టముతో మొదటి శాసనము రద్దయినది. కొన్ని మార్పులతో 1859 సంవత్సరమున 15వ చట్టముగా అది మరల వెలువడినది. ప్రయోజనకరములగు కల్పనలకే ప్రత్యేకాధికార మొసగవలెననియు, ఇతరుల కల్పనను విదేశమునుండి కేవలము దిగుమతి చేయువాడు కల్పకుడు కానేరడనియు ఈ శాసనము నిర్ణయించినది. తరువాత 1872, 1883, 1888 సంవత్సరములలో అనుబంధ శాసనములును సవరణలును వచ్చినవి. వానినెల్ల త్రోసిరాజని 1911 నాటి పేటెంట్లు, డిజైనుల చట్టము నెలకొన్నది. స్వతంత్రభారతమున 1970 నాటి పేటెంట్ల చట్టము 1972 ఏప్రిల్ 20వ తేదీనుండి అమలులోనికి వచ్చువరకు అదియే ఆధారమై యుండెను.

డిపెన్నింగ్ తన కల్పనకు ఎన్నుకొన్న విశేషణము 'సమర్థమైన' యనునది. ఆ మాటను సామాన్యముగా తలపరాదు. పంకాను యంత్రముతో కదలించుట పైకి సులభముగా దోచును. కాని అందు రెండు చిక్కులున్నవి.

మొదటిది కదలికకు సంబంధించినది. వ్రేలాడు పంకా ఒక లోలకము. లోలకము ఒకసారి పోయివచ్చుటకు పట్టు కాలము దాని పొడవుపై ఆధారపడును. ఒక మీటరు పొడవుగల లోలకమునకు అది సుమారు రెండు సెకనులు. ఇట్లు తనంత తానుగా మెల్లగా నూగు చట్రము క్రింద పరుండినవానికి చాలినంత గాలినీయదు. లాగువాడు త్రాటిని చటుక్కున గుంజి విడిచినప్పుడు చట్రము ఒక్క కుదుపుతో దిశ మార్చుకొనును. అడుగునున్న కుచ్చు గుడ్డ కొరడావలె విసరి గాలిని క్రిందికి నెట్టును. చక్రమునకు అమర్చిన సాధారణమైన వంపుకడ్డీతో లాగినచో చట్రము రెండు కొనలయందును నెమ్మదించును. ఎచ్చట కుదుపు కావలెనో అచ్చటనే అది లోపించును. మనుష్యుని మణికట్టు అప్రయత్నముగా చేయు పనిని ఇనుముతో చేయించుటకు చాల నేర్పు కావలెను.

రెండవది శక్తికి సంబంధించినది. ఆరోగ్యవంతుడగు మనుష్యుడు గంటలతరబడి నిలుకడగా చేయగల పని సెకనుకు సుమారు 75 జౌళ్లని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. పంకా లాగుటకు అందు నాలుగవవంతు, అనగా సుమారు 20 జౌళ్లు చాలునని యనుకొందము. గడియారమువలె బరువును పైకెత్తి, అది దిగునపుడు కలుగు శక్తితో పంకాను నడపింపదలచినచో ఏమగును? నూరు కిలోల బరువును మూడు మీటర్ల ఎత్తునకు చేర్చిన నిలువయగు శక్తి 2,940 జౌళ్లు. అది రెండున్నర నిముషములలో తీరిపోవును. ఎనిమిది గంటల రాత్రి గడచుటకు ఆ బరువును దాదాపు 200 పర్యాయములు పైకెత్తవలెను. ఎత్తువాడెవడు? మరల ఆ వసారాలోని మనుష్యుడే. యంత్రము శ్రమను సృష్టింపదు, ఒక రూపమునుండి మరియొక రూపమునకు మార్చును. కావున స్వంత శక్తిమూలము లేని పంకాయంత్ర మేదియు లాగువానిని తొలగింపజాలదు.

ఇట్టి చిక్కు పంకాకే పరిమితము కాదు. అంతకు పూర్వమే, 1830 ప్రాంతమున, థర్మాంటిడోటు అను సాధనమొకటి ఉత్తరదేశమునందలి ఆంగ్లేయుల గృహములలో వెలసినది. ధాన్యము తూర్పారపట్టు యంత్రమువంటి దానిని కిటికీలో నమర్చి, చుట్టును తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టి, చక్రమును త్రిప్పినచో చల్లగాలి ఇంటిలోనికి వీచును. చక్రమును త్రిప్పుటకు కూలీలు, తడికలపై నీళ్లు చల్లుటకు వేరొకడు కావలసియుండెను. ఎద్దులను కట్టి త్రిప్పింతుమన్నచో ఎద్దులకు మేత, తోలుటకు మనిషి కావలెను. ఆవిరియంత్రమును పెట్టుదుమన్నచో బొగ్గు, నీరు, కొలిమి చూచువాడు కావలెను. అనేక పంకాలను ఒకే వరుసగా కలిపి కట్టిన పెద్ద బారకాసునకు ఆవిరి ఒకవేళ గిట్టుబాటు కావచ్చునేమో గాని, ఒక గృహస్థుని పడకగదికి అది తగదు.

ఇన్ని చిక్కులున్నను, లాగువాని కూలి అధికమై యున్నచో కల్పకులు ఏదో యొక దారి వెదకియే యుందురు. కాని ఆ కూలి అత్యల్పము. వేసవి నెలలకొరకు నియమింపబడి, నెలకు కొద్ది రూపాయలతో పగలు కొందరు రాత్రి కొందరు వంతులవారీగా లాగుచుండిరి. ఇనుము వెల, మరమ్మతు వెల, బొగ్గు వెల ఈ జీతముతో పోల్చి చూచిన ఏ యజమానియైనను మనుష్యునే ఎన్నుకొనును. మరి తొలి అర్జీ పంకా యంత్రమును గూర్చినదేల అయ్యెనన్న ప్రశ్నకు సమాధానమేమి? అర్జీ పెట్టుకొనగలవారు, వారు మెలగు లోకము పంకా క్రింద నుండెను. వారిని ప్రతిరాత్రియు బాధించిన సమస్య నడిరేయి పంకా ఆగిపోవుట. లాగువాడు నిద్రపోవుటయే దానికి కారణము. వారు కోరినది నిద్రపోని సేవకుని. డిపెన్నింగ్ ఇంజనీరుగా ఆ కోరికకు రూపము కల్పింప యత్నించెను.

పోలికకొరకు అదే శతాబ్దిలో విజయము పొందిన మరియొక యంత్రమును చూతము. బీహారునందలి షాహాబాదు జిల్లాలో బిహియా ఎస్టేటును నిర్వహించుచుండిన థామ్సన్, మిల్న్ అను ఇద్దరు 1870 దశకమున ఇనుప చెరకు గానుగ నొకదానిని కల్పించి, దానిపై పేటెంటు పొందిరి. పూర్వపు రాతిగానుగలో వేయుటకు చెరకును చిన్న చిన్న ముక్కలుగా నరుకవలసి యుండెను. నిలువుగా నమర్చిన ఇనుప రోలర్ల బిహియా గానుగలో గడను గడగానే పెట్టవచ్చును. ఎద్దులు దానిని త్రిప్పును. నరకు కూలి మిగిలెను, కాలము మిగిలెను. రైతులు అద్దెకు తీసికొని యైనను దానిని వాడిరి. కొలదికాలముననే ఉత్తరదేశమంతట ఆ గానుగయు, దానికి అనుకరణలును వ్యాపించినవి. రెండు యంత్రములును పేటెంటు పొందినవే. గానుగ మిగిల్చిన శ్రమ దానిని వాడు రైతుదే. ఆ లాభమును అతడు స్వయముగా అనుభవించెను. పంకాయంత్రము మిగుల్పదలచిన శ్రమ యజమానిది కాదు. లాగువాని భుజము నొచ్చినందువలన లోపల పరుండినవానికి నష్టమేమియు లేదు. దినచర్యకు సంబంధించిన యంత్రము వ్యాప్తి చెందుటకు కల్పన యొక్క చాతుర్యము ఒక్కటియే చాలదని, శ్రమపడువానికే నిర్ణయాధికారము కూడ ఉన్నచోట అది శీఘ్రముగా వ్యాపించుననియు ఈ రెండు ఉదాహరణములనుబట్టి మేము ఊహించుచున్నాము.

నిద్రపోని యంత్రము రాలేదు. నిద్రపోవు మనుష్యుడు మిగిలెను. అర్ధరాత్రి ఉక్కతో మేల్కొన్న యజమాని వసారాలోనికి వచ్చి లాగువానిని తన్నుట, కొట్టుట ఆ దినములలో సామాన్యవిషయమై యుండెను. కొన్ని సందర్భములలో ఆ దెబ్బలకు ప్రాణములే పోయినవి. అట్టి వ్యాజ్యములు న్యాయస్థానములకు వచ్చినపుడు ముద్దాయిల తరఫున వినబడుచుండిన వాద మొకటి కలదు. చలిజ్వరముచే మృతుని ప్లీహము ఉబ్బియుండెననియు, స్వల్పమైన దెబ్బకే అది పగిలినదనియు, కొట్టినవానికి చంపు నుద్దేశము లేదనియు ఆ వాదసారాంశము. ప్లీహము పగులుటను గూర్చి విపులముగా చర్చించిన నార్మన్ చీవర్స్ వైద్యన్యాయశాస్త్ర గ్రంథము కలకత్తాలో 1856 సంవత్సరముననే ప్రచురింపబడినది. పంకా లాగు యంత్రమునకు వివరణపత్రము దాఖలైన నగరము, సంవత్సరము అవియే యగుట గమనింపదగినది.

ఈ వాదము ఎంత బలముగా పనిచేసెడిదో తెలిసికొనుటకు ఆగ్రాలోని ఫుల్లరు కేసు ప్రసిద్ధమైన నిదర్శనము. ఫుల్లరు అను ఆంగ్ల న్యాయవాది బండి సకాలమున తేలేదని తన గుఱ్ఱపువానిని కొట్టెను. పడిన ఆ సేవకుడు మరణించెను. ప్లీహము పగిలినదని వైద్యుడు చెప్పెను. మేజిస్ట్రేటు ముప్పది రూపాయల జరిమానాతో సరిపుచ్చెను. గవర్నరు జనరలు లిట్టన్ 1876 సంవత్సరమున ఈ తీర్పును తీవ్రముగా గర్హించి ప్రకటన వెలువరింపగా, ఈ దేశమునందలి ఆంగ్లేయ పత్రికలు ఆయనపైననే మండిపడినవి. మృతుడు గుఱ్ఱపువాడైనను, పంకా లాగువారి విషయమున వినబడిన వాదమును ఇదియే.

ఈ సందర్భమున మన తెలుగుదేశమున జరిగిన ఒక ఘట్టమును స్మరింపకుండ నుండలేము. ఉబ్బిన ప్లీహమునకు మూలమగు చలిజ్వరము, అనగా మలేరియా, దోమలద్వారా వ్యాపించుననుటకు కీలకమైన నిదర్శనమును రొనాల్డ్ రాస్ సికింద్రాబాదునందు, బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొనెను. మలేరియా పరిశోధనకుగాను ఆయనకు 1902 సంవత్సరమున నోబెలు బహుమానము లభించినది. ఆ మండుటెండల దినములలో సూక్ష్మదర్శినిముందు కూర్చున్న రాస్, కోసి పరచిన దోమలు ఎగిరిపోవునను భయముచే, తన గదిలో పంకా లాగనీయలేదని స్వీయచరిత్రలో వ్రాసికొనెను. వసారాలలోని కూలీల దేహములను లోలోపల బలహీనపరచి, న్యాయస్థానములలో వారిని కొట్టినవారికి రక్షణకవచమైన రోగము యొక్క రహస్యము, పంకా ఆపివేసిన ఒక గదిలో బయటపడినది.

పంకా త్రాటికి ముగింపు పలికినది విద్యుచ్ఛక్తి. విద్యుత్తుతో తిరుగు కప్పుపంకాను 1880 దశకమున అమెరికాలో ఫిలిప్ డీల్ రూపొందించెను; కుట్టుమిషను నడుపు మోటారునకు రెక్కలు తగిలించి దానిని ఇంటికప్పునుండి వ్రేలాడదీయుట ఆయన యుక్తి. కలకత్తాలో 1899 ఏప్రిల్ 17వ తేదీన ఇమాంబాగ్ లేనులోని కేంద్రమునుండి విద్యుత్తు ఉత్పత్తి ఆరంభమైనది. డిపెన్నింగ్ అర్జీ పెట్టిన 43 సంవత్సరములకు అదే నగరమున పంకాకు నిజమైన శక్తిమూలము దొరకినదన్నమాట. క్రొత్త పంకా ఊగదు, తిరుగును. కావున కుదుపు చిక్కు దానికి లేదు. శక్తి తీగవెంట దూరమునుండి వచ్చును. కావున ఎత్తువాని యవసరమును లేదు. మెల్లమెల్లగా ఇతర నగరములకును ఇది ప్రాకినది. విద్యుత్తు చేరని మారుమూల కచేరీలలో మాత్రము 20వ శతాబ్దిలో కూడ చాలకాలము త్రాటిపంకాలు ఊగుచునే యుండినవి.

విద్యుత్పంకా వచ్చుటతో లాగువాడు దెబ్బలనుండి విముక్తుడయ్యెను. అదే దినమున అతని కూలియు పోయినది. డిపెన్నింగ్ యంత్రమే 1856 సంవత్సరమున విజయము పొందియున్నచో ఈ రెండును అప్పుడే జరిగియుండెడివి. కావున యంత్రము ఓడినందుకు విచారింపవలెనా, సంతోషింపవలెనా యనునది తేలికగా తీర్పు చెప్పదగిన విషయము కాదు. ఏ కాలమునందైనను శ్రమను తొలగించు యంత్రము వచ్చినపుడు, శ్రమించినవాని గతి యేమను ప్రశ్న దానితోపాటే వచ్చును. 1856 నాటి శాసనము ఆ ప్రశ్నను స్పృశింపలేదు; తరువాతి శాసనములును స్పృశింపలేదు. పేటెంటు చట్టము కల్పకునకును సమాజమునకును నడుమ జరిగిన ఒడంబడిక. ఆ ఒడంబడికలో త్రాడు పట్టినవాడు కక్షిదారు కాడు.

పరిశోధకులకు ఇందు ఒక హెచ్చరిక కలదని మేము తలచుచున్నాము. డిపెన్నింగ్ పేరు, వృత్తి, ఇంటినంబరు, అర్జీ పెట్టిన తేదీ, పటములు దాఖలైన తేదీ మనకు దక్కినవి. పేటెంటుల దస్తరములను మాత్రమే చదివినవానికి ఆ కాలమునాటి పంకా ఒక యంత్రసమస్యగా గోచరించును. కొట్టబడిననాడును చచ్చిననాడును మాత్రమే లాగువాడు దస్తరములకు ఎక్కెను; కావున న్యాయస్థానముల దస్తరములను మాత్రమే చదివినవానికి అదే పంకా ఒక నేరకథగా గోచరించును. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడే గోడకు ఇరువైపుల జరిగినది ఒకే చరిత్ర యని తెలియును. సాహిత్యవిద్యార్థులు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1924 సంవత్సరమున ప్రచురించిన 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలలోని న్యాయవిచారణ ఘట్టమును ఇందుకు జోడించుకొనవచ్చును. న్యాయాధిపతి, న్యాయవాదులు, సాక్షులు వాదించుకొనుచున్న ఆ సభామధ్యమున రచయిత పంకా లాగువానికి గౌరవప్రదమైన స్థానము నిచ్చెను.

మన జిల్లాల పాత కచేరీ భవనములలో కొన్నింట కప్పుకొక్కెములును, గోడలలో త్రాడు పోవుటకు చేసిన రంధ్రములును కనబడిన, వానిని మరమ్మతులలో పూడ్చివేయుటకు పూర్వము గుర్తించి వ్రాసి యుంచుట మంచిది. మునసబు కోర్టుల, కలెక్టరు కచేరీల జీతపు పట్టీలలో పంకా లాగువారి పద్దులు ఎట్లున్నవో వెదకుట మన విద్యార్థులు చేపట్టదగిన పని. ఆ పట్టీలలో ఒక్క పేరు దొరకినను, గ్రాంట్స్ లేను 7వ నంబరు గృహమునకు ఎదురుగా నిలుపదగిన సాక్ష్యము మనకు లభించినట్లే యగును.